పావుగంట కరెంటు మాది, మిగతా పొగ ఎవరిది?

టెక్సస్‌లో ఉన్న మన వాళ్ళు నలుగురు కలిస్తే స్కూళ్ళు, ప్రాపర్టీ టాక్స్ తర్వాత మాట మళ్ళేది కరెంటు ప్లాన్ల మీదకే. ఎవరికి ఎన్ని సెంట్లు పడుతోంది, ఎవరు ఏ కంపెనీకి మారారు, కాంట్రాక్టు ఎప్పుడు అయిపోతోంది, ఇవే కబుర్లు. మేం ఆస్టిన్‌లో ఉన్నప్పుడూ, అది వదిలేసి ఫాయెట్ కౌంటీకి వచ్చాకా ఆ కబుర్లలో మాకు చోటు లేదు, ఎందుకంటే రెండు చోట్లా ప్లాన్లూ లేవు, కంపెనీ మార్చుకోవడమూ లేదు. ఇల్లు ఏ రోడ్డు మీద ఉందో దాన్ని బట్టే కరెంటు ఎవరిదో తేలిపోతుంది. కానీ ఇక్కడికొచ్చాకే నేను కరెంటు గురించి సరిగ్గా ఆలోచించడం మొదలుపెట్టాను. దానికి కారణం 71 హైవే మీద లా గ్రాంజ్ దాటి ఎలింజర్ వైపు వెళ్తుంటే కనిపించే పొగగొట్టాలు.

ఫాయెట్ కౌంటీ అంటే ఎక్కడో చాలామందికి తెలియదు కాబట్టి ముందు అది చెప్పేస్తాను. ఆస్టిన్‌కీ హ్యూస్టన్‌కీ మధ్యలో ఉంటుంది. 2020 జనాభా లెక్కల ప్రకారం మొత్తం కౌంటీలో ఉన్నది దాదాపు 24,400 మంది. చెక్, జర్మన్ వలసదారులు కట్టుకున్న ఊళ్ళు, లోపల గోడల నిండా రంగులేసిన పాత చర్చీలు, పశువులు, ఎండుగడ్డి చుట్టలు, పెకాన్ (అక్రోటు లాంటి గింజ) తోటలు. కౌంటీకి ముఖ్య పట్టణం లా గ్రాంజ్, దానికి అవతల షూలెన్‌బర్గ్, ఫ్లాటోనియా లాంటి చిన్న ఊళ్ళు. మన వాళ్ళు చాలామంది హ్యూస్టన్ వెళ్తూ దారిలో కొలాచీలు (చెక్ వాళ్ళ బన్నులు) కొనుక్కోవడానికి ఆగే చోటు, అంతే.

ఇంత చిన్న కౌంటీలో 1,600 మెగావాట్ల బొగ్గు ప్లాంటు ఉంది. పేరు ఫాయెట్ పవర్ ప్రాజెక్ట్. మొదటి యూనిట్ 1979లో, రెండోది 1980లో, మూడోది 1988లో మొదలయ్యాయి. మొదటి రెండూ ఎల్‌సీఆర్‌ఏ, ఆస్టిన్ నగరం కలిసి కట్టుకున్నవి, సగం సగం. మూడోది ఎల్‌సీఆర్‌ఏ ఒక్కదానిదే. ఎల్‌సీఆర్‌ఏ అంటే లోయర్ కొలరాడో రివర్ అథారిటీ, 1934లో టెక్సస్ శాసనసభ పెట్టిన సంస్థ, టెక్సస్‌లో పారే కొలరాడో నది మీద డ్యాములు కట్టింది కూడా వాళ్ళే. బొగ్గు ఇక్కడ తవ్వింది కాదు, వయోమింగ్‌లోని పౌడర్ రివర్ బేసిన్ నుంచి వెయ్యి మైళ్ళకు పైగా రైల్లో వస్తుంది.

ఇప్పుడు ఒక లెక్క చూద్దాం. 1,600 మెగావాట్ల ప్లాంటు పూర్తి సామర్థ్యంతో నడిస్తే గంటకి 16 లక్షల యూనిట్ల (కిలోవాట్-గంటల) కరెంటు. మా కౌంటీలో ఉజ్జాయింపుగా పది వేల ఇళ్ళనుకుందాం. టెక్సస్‌లో ఎండలకి ఏసీలు ఆగకుండా తిరుగుతాయి, ఒక ఇంటికి సగటున నెలకి 1,100, 1,200 యూనిట్ల దాకా కాలుతుంది, అంటే రోజుకి 40 అనుకోండి. పది వేల ఇళ్ళకి 4 లక్షల యూనిట్లు. అంటే ఈ కౌంటీలో ఇళ్ళన్నిటికీ రోజంతా సరిపోయే కరెంటు ఆ ప్లాంటు పావుగంటలో తయారు చేయగలదు. దుకాణాలు, రైస్ మిల్లు లాంటివి, స్కూళ్ళు, అన్నీ కలిపి ఇంకో పావుగంట వేసుకోండి. మిగతా ఇరవై మూడున్నర గంటల పొగ ఎవరి కోసం?

నాకు ఒళ్ళు మండేది ఎక్కడంటే, కౌంటీల వారీగా కర్బన ఉద్గారాల పట్టికలు వేసినప్పుడు పొగగొట్టం ఏ కౌంటీలో ఉంటే ఆ లెక్క ఆ కౌంటీ పేరు మీద రాస్తారు. బొగ్గు కరెంటు ఒక్కో యూనిట్‌కి సుమారు కిలో కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. ఆ ప్లాంటు ఏడాదికి వదిలే లక్షల టన్నులను 24 వేల మందితో భాగిస్తే మేమంతా భూమ్మీద అందరికంటే దారుణంగా బతుకుతున్న మనుషుల్లా కనిపిస్తాం. అదే ట్రావిస్ కౌంటీ, అంటే ఆస్టిన్, పట్టికలో కడిగిన ముత్యంలా ఉంటుంది. ఆ ముత్యం తాలూకు మసి మా దగ్గరుంది మరి.

ఆస్టిన్‌ని తిట్టడం నా ఉద్దేశం కాదు, నేనూ అక్కడ చాలాకాలం ఉన్నవాడినే. ఆస్టిన్ ఎనర్జీ నగరం సొంత సంస్థ, రేట్లు సిటీ కౌన్సిల్ తేలుస్తుంది, పైగా అమెరికాలో గాలి కరెంటు కొనడంలో ముందు నడిచిన వాళ్ళలో వాళ్ళొకరు. గ్రీన్‌ఛాయిస్ అని ఒక పథకం ఉంది, అందులో చేరితే మన వాడకానికి సరిపడా పవన విద్యుత్తు కొంటారు. నా స్నేహితుల్లో ఆ పథకంలో ఉన్నవాళ్ళున్నారు, అది మంచిదే. 2022 చివరికల్లా ఫాయెట్‌లో తమ వాటా బొగ్గు మండించడం ఆపేస్తామని నగరం గట్టిగానే నిర్ణయం చేసుకుంది కూడా. కానీ 2021 నవంబరులో ఎల్‌సీఆర్‌ఏతో బేరం కుదరలేదని ప్రకటించారు. ఇద్దరి ఉమ్మడి ఆస్తి, ఒకరు మూసేద్దామంటే ఇంకొకరు ఒప్పుకోవాలి. ఉమ్మడి కాపురంలో పొయ్యి ఆర్పడం ఒక్కరి చేతిలో ఉండదు కదా. గడువు దాటిపోయింది, ప్లాంటు నడుస్తూనే ఉంది.

పక్కనే ఉన్నవాళ్ళకి దీని బాధ కొత్తది కాదు. 2010 ప్రాంతంలో ఎలింజర్ దగ్గర పెకాన్ రైతులు తమ చెట్లు పైనుంచి ఎండిపోతూ వస్తున్నాయని, దానికి ప్లాంటు వదిలే సల్ఫర్ డయాక్సైడే కారణమని వార్తలకెక్కారు. ప్లాంటు వాళ్ళు కాదన్నారు. 2011లో మొదటి రెండు యూనిట్లకీ స్క్రబ్బర్లు పెట్టారు, అంటే పొగని సున్నపురాయి నీళ్ళతో కడిగి గంధకాన్ని పట్టేసే ఏర్పాటు. మూడో యూనిట్‌కి కట్టినప్పుడే పెట్టారు. దాంతో సల్ఫర్ బాగా తగ్గింది, ఆ మాట ఒప్పుకోవాలి. కార్బన్ డయాక్సైడ్‌ని మాత్రం స్క్రబ్బర్ ముట్టుకోదు. ఇంకోటి కూడా చెప్పాలి. ఆ ప్లాంటులో పనిచేసే కుటుంబాలు మా చుట్టుపక్కల ఉన్నాయి, మంచి జీతాలు, పిల్లలు ఇక్కడి బడుల్లోనే చదువుతారు. ప్లాంటు చల్లబరచడానికి తవ్విన చెరువులో చేపలు పట్టడానికి ఎక్కడెక్కడినుంచో పడవలు వేసుకుని వస్తారు. రేపే మూసేయమని ఇక్కడ ఎవరూ అనరు. ఎప్పుడు మూస్తారో, అప్పటికి ఆ కుటుంబాల సంగతేమిటో ముందే చెప్పమంటారు. అది న్యాయమైన మాట.

సరే, ఇప్పుడు బిల్లు సంగతి. మా కౌంటీలో కరెంటు ఇచ్చేవాళ్ళు చాలామందే ఉన్నారు. ఫాయెట్ ఎలక్ట్రిక్ కో-ఆపరేటివ్, కొన్ని వైపుల బ్లూబానెట్, ఇంకో వైపు శాన్ బెర్నార్డ్, ఇవన్నీ సహకార సంఘాలు. లా గ్రాంజ్, షూలెన్‌బర్గ్, ఫ్లాటోనియా పట్టణాలకి మున్సిపాలిటీ కరెంటు. 1999లో టెక్సస్ చట్టం మార్చి, 2002 జనవరి నుంచి కరెంటు అమ్మకంలో పోటీ తెచ్చినప్పుడు సహకార సంఘాలకీ, మున్సిపాలిటీలకీ మాత్రం ఇష్టముంటేనే చేరమన్నారు. దాదాపు అందరూ వద్దనుకున్నారు.

పోటీ లేదంటే మా మీద పడి దోచుకుంటున్నారనుకుంటారు డాలస్ వాళ్ళు. ఫ్రిస్కోలో ఉండే మా బావమరిది నాతో ఎప్పుడూ అదే వాదన. వాడి ప్లాన్ చూపించమన్నాను ఒకసారి. అక్కడ ప్రతి ప్లాన్‌కీ ఒక ఫ్యాక్ట్స్ లేబుల్ ఇవ్వాలి, అందులో 500, 1000, 2000 యూనిట్ల దగ్గర సగటు రేటు ఎంతో రాయాలి. వెబ్‌సైట్‌లో వెతికేటప్పుడు అందరూ చూసేది 1000 దగ్గర రేటే. కంపెనీలకి అది తెలుసు. అందుకని సరిగ్గా 1000 యూనిట్లు దాటితే బిల్లులో 50 డాలర్లు తగ్గిస్తాం అని పెడతారు. ఉదాహరణకి యూనిట్ 15 సెంట్లు అనుకోండి, 1000 యూనిట్లకి 150 డాలర్లు, అందులో 50 తీసేస్తే 100, అంటే యూనిట్ 10 సెంట్లకే వచ్చినట్టు లేబుల్ మీద కనిపిస్తుంది. అదే నెలలో మీరు జాగ్రత్తపడి 980 యూనిట్లే కాల్చారనుకోండి, తగ్గింపు రాదు, బిల్లు 147. ఇరవై యూనిట్లు పొదుపు చేసినందుకు 47 డాలర్లు ఎక్కువ కట్టాలి! మా వాడి ప్లాన్ అచ్చం ఇలాంటిదే, కంపెనీ పేరెందుకు గానీ. మార్చి, ఏప్రిల్, నవంబరు నెలల్లో వాడికి బిల్లు ఎందుకు పెరుగుతోందో ఆ రోజు తెలిసింది. అక్టోబరు చివర్లో యూనిట్లు చాల్లేదని ఓవెన్ ఆన్ చేసి పెట్టుకునే వాళ్ళున్నారంటే నమ్మండి. పొదుపు చేసినవాడికి జరిమానా పడే రేటు ఏ రకంగా చూసినా తప్పుడు రేటే.

మన దగ్గర దీనికి పూర్తిగా తలకిందులు. తెలంగాణలో 2022 రేట్ల ప్రకారం 50 యూనిట్ల లోపు వాడే ఇంటికి యూనిట్ 1.95 రూపాయలు, 800 దాటాక ఒక్కో యూనిట్‌కి 10 రూపాయలు. ఎక్కువ వాడినవాడు ఎక్కువ కట్టాలి. ఇక్కడ నెలకి 1,100 యూనిట్లు మామూలు ఇల్లు అని చెబితే మా అమ్మ నమ్మలేదు, ఇంట్లో ఏమైనా మిల్లు పెట్టారా అని అడిగింది.

మా కో-ఆపరేటివ్ బిల్లులో అలాంటి గారడీ లేదు. నెలనెలా కట్టే స్థిర చార్జీ ఒకటి, వాడిన యూనిట్లకి రేటు ఒకటి, వీటికి తోడు టోకు కరెంటు ధర పెరిగినా తగ్గినా సర్దుబాటు చేసే లైను ఒకటి. ఆంధ్రాలో ట్రూ-అప్ చార్జీలని జనం గోల పెడతారే, ఇది అదే జాతి. కాకపోతే ఎప్పటిదో పాత బకాయి ఒక్కసారిగా నెత్తిన వేయరు, ఎప్పటికప్పుడు సర్దుతారు. స్థిర చార్జీ మాత్రం ఊళ్ళో వాళ్ళకి కొంచెం భారమే. తక్కువ వాడే ముసలివాళ్ళకి బిల్లులో పెద్ద ముక్క అదే అవుతుంది, అది నాకు నచ్చదు. కానీ మైలుకి నాలుగైదు ఇళ్ళుండే చోట స్తంభాలు నిలబెట్టి, తీగలు లాగి, తుఫానొస్తే చెట్లు కొట్టి మళ్ళీ నిలబెట్టడానికి ఖర్చు అంతే అవుతుంది, ఎవరైనా పెట్టుకోవాల్సిందే.

అసలు సహకార సంఘాలు పుట్టిందే అందుకు. 1930లలో అమెరికా పట్టణాల్లో పదిళ్ళలో తొమ్మిదింటికి కరెంటు ఉంటే పల్లెల్లో పదింటిలో ఒక్కదానికే ఉండేది. లాభం రాదని ప్రైవేటు కంపెనీలు లైన్లు వేయలేదు. 1935లో రూజ్‌వెల్ట్ గ్రామీణ విద్యుదీకరణ సంస్థ పెట్టి తక్కువ వడ్డీకి అప్పులిస్తే రైతులే సంఘాలుగా చేరి స్తంభాలు పాతుకున్నారు. ఇక్కడి సంఘాలన్నీ ఆ తరంవే.

నేను సిరిసిల్ల వైపు వాణ్ణి, అందుకే ఈ కథ నాకు కొత్తగా అనిపించలేదు. మా సిరిసిల్లలో కరెంటిచ్చేది డిస్కం కాదు, సెస్. 1970 ప్రాంతంలో దేశంలో ప్రయోగంగా పెట్టిన అయిదు గ్రామీణ విద్యుత్ సహకార సంఘాల్లో అదొకటి, దానికి సలహా ఇచ్చింది ఇక్కడి గ్రామీణ కో-ఆపరేటివ్‌ల జాతీయ సంఘమే. అంటే లా గ్రాంజ్‌లో నా బిల్లు పంపే సంఘమూ, మా నాన్న సభ్యుడిగా ఉన్న సెస్సూ ఒకే తల్లి బిడ్డలు! అక్కడ మరమగ్గాలు, బోరు మోటార్లు, ఇక్కడ పశువుల షెడ్లు, ఏసీలు. సెస్ ఎన్నికలంటే అసెంబ్లీ ఎన్నికలంత హడావుడి, పార్టీలు బరిలోకి దిగుతాయి, చివరిసారి 2022 డిసెంబరులో ఓట్లేశారు. అందులో రాజకీయం ఎక్కువైందని నాకూ అనిపిస్తుంది. కానీ జనం తమ కరెంటు సంఘం తమదని అనుకుంటారు, డైరెక్టరు ఇంటికెళ్ళి ట్రాన్స్‌ఫార్మర్ ఎప్పుడు మారుస్తావని నిలదీస్తారు. ఇక్కడ వార్షిక సమావేశానికి వెళ్తే భోజనం, లక్కీ డ్రా, పిల్లలకి బహుమతులు, అన్నీ బాగుంటాయి. ప్రశ్నలడిగేవాళ్ళే తక్కువ.

ఆస్టిన్ చుట్టుపక్కల ఉన్న మన వాళ్ళకి ఇక్కడే ఒక మాట చెప్పాలి. లియాండర్, సీడార్ పార్క్‌లలో కొత్త ఇళ్ళు కొన్నవాళ్ళలో మీకు బిల్లు పంపేది పెడర్నాలెస్ కో-ఆపరేటివ్ అయితే మీరు కస్టమర్లు కాదు, సభ్యులు. అమెరికాలోకెల్లా పెద్ద విద్యుత్ సహకార సంఘం అది. దానికి కరెంటు ఎక్కువగా అమ్మేది ఎల్‌సీఆర్‌ఏ. అంటే మీ ఏసీ తిరిగే కరెంటులో ఒక ముక్క మా ఊరి పొగగొట్టం నుంచే వస్తోంది. మీకు ఓటుంది, ఒక్కో సభ్యుడికి ఒక్కో ఓటు, బోర్డు మెంబర్లని మీరే ఎన్నుకుంటారు. ఆ ఓటు ఉత్తదేం కాదు. 2007లో ఆ సంఘంలో డబ్బు దుబారా అవుతోందని సభ్యులే కోర్టుకెక్కారు, తర్వాత ఎన్నికల పద్ధతి మారింది, పాత పెద్దలు పోయారు. ఆస్టిన్ నగరంలో ఉంటే మీ కౌన్సిల్ మెంబరుని అడగొచ్చు. ఎల్‌సీఆర్‌ఏ బోర్డుని మాత్రం గవర్నరు నియమిస్తాడు, అక్కడ మనకి నేరుగా ఓటు లేదు, దాని దగ్గర కరెంటు కొనే సంఘాల ద్వారానే మన మాట వెళ్ళాలి.

2021 ఫిబ్రవరి మంచు తుఫాను గుర్తుందిగా. టోకు కరెంటు ధర మెగావాట్-గంటకి 9,000 డాలర్లకి ఎక్కించి రోజుల తరబడి అక్కడే ఉంచారు, అంటే యూనిట్ 9 డాలర్లు. టోకు ధరకే కరెంటిస్తామన్న గ్రిడ్డీ కస్టమర్లకి వేల డాలర్ల బిల్లులొచ్చాయి, ఆ కంపెనీ మునిగింది. అది పోటీ వైపు కథ. కానీ సహకార సంఘాలకి అంటలేదని చెప్పుకోలేం, వేకోలోని బ్రజోస్ ఎలక్ట్రిక్ అనే పెద్ద సంఘం ఆ వారం బాకీ కట్టలేక మార్చి 1న దివాలా పిటిషన్ వేసింది. రాష్ట్రం లెక్క ప్రకారమే 246 మంది చనిపోయారు. ఆ వారం గ్యాసు గొట్టాలు గడ్డకట్టాయి, గాలిమరలు ఆగాయి, బొగ్గు ప్లాంట్లూ పడిపోయాయి, ఏ ఇంధనమూ మడి కట్టుకుని లేదు. అందుకే బొగ్గు ఉంటే భద్రత, గాలి ఉంటే ప్రమాదం అని ఎవరైనా చెబితే నేను ఊరుకోను.

ఒక మంచి సంగతి. టెక్సస్ గ్రిడ్‌లో ఇప్పుడు గాలి, ఎండ కలిపి మూడో వంతు దాకా కరెంటు ఇస్తున్నాయి, బొగ్గు ఏడో వంతుకి పడిపోయింది. దానివల్ల ఇక్కడ సగటున ఒక యూనిట్‌కి 350 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ పడుతోంది. ఇండియా గ్రిడ్‌లో అది 700 గ్రాములు దాటుతుంది. కానీ సిరిసిల్లలో 150 యూనిట్లు కాల్చే ఇల్లు నెలకి నూట పది కిలోల లోపే వదులుతుంది, ఇక్కడ 1,150 యూనిట్లు కాల్చే నా ఇల్లు నాలుగొందల కిలోలు. ఇక్కడి గ్రిడ్‌లో యూనిట్‌కి పడే పొగ సగమే అయినా నేను దాదాపు నాలుగింతలు వదులుతున్నాను. అటకమీద ఇన్సులేషన్ పెంచి, పాత ఏసీ తీసి హీట్ పంప్ (చల్లదనం, వేడి రెండూ ఇచ్చే యంత్రం) పెట్టుకునే పనిలో ఉన్నాను, బిల్లులో తేడా తెలిశాక దాని మీద విడిగా రాస్తాను.

ఈలోగా మా సంఘం బోర్డుకి ఒక ఉత్తరం రాశాను. మూడే ప్రశ్నలు. మనం కొనే కరెంటులో బొగ్గు వాటా ఎంత, టోకు కాంట్రాక్టు ఎప్పటిదాకా ఉంది, ఫాయెట్ యూనిట్లు మూతపడితే మన రేటు మీద పడే భారం ఎంతని లెక్కేశారు? వచ్చే వార్షిక సమావేశంలో జవాబు చదివి వినిపించమని అడిగాను. పెడర్నాలెస్ సభ్యులెవరైనా ఇవే ప్రశ్నలు మీ బోర్డుకి పంపాలనుకుంటే కామెంట్ పెట్టండి, నా ఉత్తరం కాపీ ఇస్తాను, ఊరి పేరు, సంఘం పేరు మార్చుకుంటే చాలు.